అక్క దిద్దుతానన్న వరుస

అక్క పోయిందన్న కబురు నాకు రైల్లో అందింది. ధర్మవరంలో ఎక్కి హిందూపురం ఆఫీసుకు పోతున్నాను, పెనుకొండ ఇంకా రాలేదు. అక్క వాళ్ల పక్కింటావిడ ఫోన్ చేసి, "బెంగుళూరు నుంచి తీసుకొస్తాండారు పాపా, మధ్యాన్నానికంతా వస్తారంట" అంది. ఎవరిని అని నేను అడగలేదు. ఎదుటి సీటాయన ఏమీ అడక్కుండా నీళ్ల సీసా నా ముందుకు జరిపాడు. రోజూ అక్క ఎక్కే పెనుకొండ స్టేషన్లో ఆ రోజు నేను దిగాను. అంతకు మించి నాకు ఏమీ చేతకాలేదు.

అక్క అంటే నా తోడబుట్టినది కాదు. హిందూపురంలో మాదొక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ధర్మవరం పట్టుచీరల అంగళ్లకూ మగ్గాలవాళ్లకూ కావలసిన ప్రోగ్రాములు రాస్తాం. అందరిలోకీ పెద్దది గనుక ఆమె అందరికీ అక్క. మాలో ఎవరు ఏ కోడ్ రాసినా, ఏ చిన్న మార్పు చేసినా, ముందు ఇంకొకరు చదవాలి. వాళ్లు సరేనంటేనే అది అసలు ప్రోగ్రాంలో చేరుతుంది. దాన్ని రివ్యూ అంటాం. మా ఆఫీసులో రివ్యూ అంటే అక్కే.

సమాధుల తోటలో పాస్టరయ్య నన్ను పక్కకు పిలిచి, "రెండు మాటలు చెప్పాల కదమ్మా, ఆయమ్మ ఏం పని చేసేది?" అని అడిగారు. కోడ్ రివ్యూ అని చెబితే ఆయన తల ఊపారు గాని, ఏమీ అందలేదని మొహం చెబుతూనే ఉంది. "మేం రాసింది చదివి తప్పులుంటే చెప్పేది అయ్యగారూ" అన్నాను. ఆయన ప్రార్థనలో "చిన్నవాళ్ల తప్పులు దిద్దిన మన సహోదరి" అన్నారు. అక్క ఎవరి తప్పూ దిద్దేది కాదు, ఎవరిది వాళ్ల చేతనే దిద్దించేది అని చెప్పాలనిపించింది. మట్టి వేసేటప్పుడు అదేం పట్టింపని ఊరుకున్నాను.

అక్కా నేనూ రోజూ ఒకే రైల్లో పోయేవాళ్లం. ఆమె పెనుకొండలో ఎక్కగానే టిఫిన్ డబ్బా తెరిచి నాకో చెంచా ఇచ్చేది. బొరుగుల ఉగ్గాని అయిపోయాక లాప్‌టాప్ తీసి, తెరను కొంగుతో తుడిచి, "యాడ, నీది చూపీ" అనేది. ఎంత శుభ్రంగా ఉన్నా తుడిచేది. తరవాత నా కోడ్‌ను తెలుగులో పైకి చదివేది. "కస్టమరు వస్తే పేరడుగు. పేరు లేకుంటే ఎనక్కి పంపు. పేరుండీ ఊరు లేకుంటే... ఊరు లేకుంటే ఏం చేస్తావు పాపా? ఈడ ఏమీ చెప్పలేదే నువ్వు." ఒకసారి పక్కన కూర్చున్న ముసలాయన చాలాసేపు విని, "ఎవురికి రాసిన జాబమ్మా అది?" అన్నాడు. "మా పాప రాసిండేది తాతా. ఎవురికి రాసిందో ఆయమ్మకే తెలీదు" అని అక్క నవ్వకుండా జవాబిచ్చింది. నాకు సిగ్గేసింది గాని కోపం రాలేదు. ఆమె మీద కోపం తెచ్చుకోవడం మా ఆఫీసులో ఎవరికీ సాధ్యమయ్యేది కాదు.

తప్పు కనబడితే తప్పు అని రాసేది కాదు, మమ్మల్ని రాయనిచ్చేదీ కాదు. "తప్పు అని రాయద్దు, అడుగు. అడిగితే వాళ్లే చూసుకుంటారు" అనేది. ఆమె రివ్యూలన్నీ ప్రశ్నలే. ఇంకొకటి, ఎవరు రాసిన కోడ్ వరుస మీదా తను చెయ్యి వేసేది కాదు. కొత్తగా చేరినతను ఒక్క వరుస సరిచేయలేక రోజుల తరబడి తంటాలు పడుతుంటే మా సార్ విసుక్కున్నారు. "నువ్వే దిద్దేయ్ కదమ్మా, ఎంతసేపు?" అన్నారు. "నేను దిద్దితే పని నా చేతికే వస్తాది సార్. వానికి యాడ వస్తాది? రాసినోళ్లే దిద్దాల" అంది. సార్‌కు నచ్చలేదు గాని తన బల్ల దగ్గరికి వెళ్లిపోయారు. ఆమె ముందు ఆయన కూడా మాలాగే తగ్గేవారు.

ఇప్పుడు మీకు ఒక చిన్న సంగతి చెప్పాలి, లేకపోతే తరవాతిది అర్థం కాదు. ఫోన్లో పేరు కొట్టినప్పుడు అది చివర తనంతట తానే ఒక ఖాళీ వదులుతుంది. కంటికి కనబడదు. మనకు రెండూ ఒకే పేరు, కంప్యూటరుకు మాత్రం ఖాళీ ఉన్న మనిషి వేరు, లేని మనిషి వేరు. ధర్మవరం అంగళ్లలో ఒకే నేతగాడి పేరు ఇలా రెండుసార్లు పడి, సగం చీరలు ఒక పేరు కింద, సగం ఇంకో పేరు కింద పోయేవి. ఫోన్ల మీద ఫోన్లు వచ్చేవి. మాటల చివర ఖాళీలను కత్తిరించేస్తే ఆ గోల తీరిపోతుంది. ఒక్క వరుస పని.

అయితే మా ప్రోగ్రాంలోనే చీరల డిజైన్లు కూడా ఉంటాయి. అంచులో నెమలి ఉందనుకోండి, దాన్ని వరుసలు వరుసలుగా అక్షరాలతోనే దాస్తాం. జరీ పైకి లేచే చోట ఒక అక్షరం, ఉత్త పట్టు ఉండే చోట ఖాళీ. ఆ వరుసలను బట్టే మగ్గానికి కావలసిన చిల్లుల అట్టలు కొడతారు. అక్కడ వరుస చివరి ఖాళీలు కత్తిరిస్తే వరుస పొట్టిదై, కింది వరుస వచ్చి అందులో కలిసిపోతుంది.

నేను చేరిన కొత్తలో అలా జరిగింది కూడా. ఎవరో డిజైన్ ఫైలును ఊరికే తెరిచి చూసి, సేవ్ చేసి మూశారు. వాళ్లు తెరిచిన సాఫ్ట్‌వేర్‌కు చివరి ఖాళీలు ఊడ్చేసే అలవాటుందని వాళ్లకు తెలియదు. ధర్మవరంలో ఒక ఇంట్లో మొగుడూ పెళ్లాలు ఆ అట్టలతో జానెడు నేసేసరికి నెమలి తోక వచ్చి మెడకు చుట్టుకుంది. అక్క నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి పోయింది. ఆఫీసు తరఫున సారీ చెప్పి వచ్చేస్తామనుకున్నాను నేను. ఆమె చెప్పులు విడిచి మగ్గం గుంట పక్కన కింద కూర్చుంది. ఆ ఇంటావిడ నేసినదంతా పోగు పోగు విప్పుతోంది. జరీ తెగకుండా విప్పాలి, తొందరపడితే పట్టు పీచు లేస్తుంది. అందులో మేం చేయగలిగిందేమీ లేదు. "మీరు పోండమ్మా, ఇది మా పని" అని ఆమె అంటే, "కూచోనీమ్మా, ఇంకేమీ చేతకాదు మాకు" అని అక్క సాయంత్రం దాకా అక్కడే ఉంది. విప్పిన పోగులు చిక్కుపడకుండా పట్టుకుంది. నేను స్టేషన్ దాకా తోడు పోతే, రైలెక్కే ముందు, "మనం ఖాళీ అంటాండాం పాపా. వాళ్లకది గుడ్డ" అంది.

ఆమెకు జబ్బు చేసినప్పుడు ఆ జబ్బు పేరు మేం ఆఫీసులో పలికేవాళ్లం కాదు. రక్తానికి సంబంధించింది అనుకునేవాళ్లం. బెంగుళూరులో ఆసుపత్రి. తోడుగా వాళ్లమ్మ. ఇంట్లో తల్లీ కూతుళ్లిద్దరే. మేం రక్తం ఇచ్చాం, పండ్లు తీసుకుపోయాం, గ్లాసు తలుపు బయట వరసగా నిలబడ్డాం. లోపల ఆమె చెయ్యెత్తితే మేమూ ఎత్తేవాళ్లం. మా ఆఫీసులో ఏది చెడిపోయినా కూర్చుని వెతికితే ఎక్కడో ఒకచోట దొరికేది. అక్కడ వెతకడానికి కూడా ఏమీ లేదు.

పని లేకపోతే పిచ్చెక్కుతోందని సార్‌తో పోట్లాడి, ఆసుపత్రి మంచం మీది నుంచి ఒక చిన్న పని తీసుకుంది. పేర్ల చివర ఖాళీలు కత్తిరించే పని. రాసి, రివ్యూకి నా పేరు పెట్టింది. అంతకు ముందు ఎన్నడూ ఆమె కోడ్‌ను నేను చూసింది లేదు. తెరను చున్నీతో తుడిచి మరీ తెరిచాను.

ఒక్క వరుసే. తెలుగులో పైకి చదివాను. "ఏ మాట వచ్చినా, చివర ఖాళీలుంటే కత్తిరించు." మళ్లీ చదివాను. ఏ మాట వచ్చినా. పేర్లే కాదు, డిజైన్ వరుసలు కూడా. అంచులు, కొంగులు, నెమళ్లు, అన్నీ. మగ్గం పక్కన సాయంత్రం దాకా కూర్చున్న మనిషి రాసిన వరుస అది. జబ్బు ఎక్కడి దాకా పోయిందో డాక్టర్లు చెప్పినప్పుడు నాకు సరిగా అర్థం కాలేదు, ఆ వరుస చూశాక అర్థమైంది.

సరే అని నొక్కితే ఆమెకు ఒక పూట సంతోషం, ధర్మవరంలో ఎన్ని మగ్గాలు చెడతాయో తెలియదు. తప్పు అని రాస్తే మగ్గాలు బాగుంటాయి, ఆమె మొహం ఎలా ఉంటుందో తెలియదు. ఆదివారం ఆసుపత్రిలో నన్ను లోపలికి రానిచ్చినప్పుడు ఆమె మొట్టమొదట అడిగింది, "చూసినావా?" అని. "చూస్తాండా అక్కా" అన్నాను. "బాగా చూడు. నాదని ఇడిసిపెట్టద్దు" అంది. వాళ్లమ్మ ఆమె నోటికి నీళ్లు అందిస్తూ, "ఓకే అనేయ్ పాపా, పండుకుంటాది" అని నన్ను బతిమాలింది. ఆ తల్లి కళ్లలోకి నేను చూడలేకపోయాను.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో, ఆమె నేర్పినట్టే, ప్రశ్న రాశాను. "అక్కా, ఈడికి డిజైన్ వరుసలు కూడా వస్తాయా?"

మరునాడు జవాబు వచ్చింది. "అవును కదా. గుడ్డ. నేను దిద్దుతా, నువ్వు ముట్టద్దు."

దాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పలేను. గుడ్డ అన్న ఆ ఒక్క మాటతో ఆమె మొత్తం తిరిగి వచ్చినట్టయింది నాకు. తప్పు దొరికింది కాబట్టి ఇక అన్నీ సర్దుకుంటాయన్నంత పిచ్చి ధైర్యం వచ్చింది. దిద్దిన వరుస కోసం రోజూ పొద్దున తెరిచి చూసేదాన్ని. రాలేదు. పక్కింటావిడ ఫోన్ వచ్చింది.

ఆమె పోయిన తరవాత కూడా ఆ మార్పు మా తెర మీద అలాగే ఉండిపోయింది. పైన ఆమె పేరు, కింద నా ప్రశ్న, దాని కింద ఆమె జవాబు. "రాసినవారు దిద్దవలసి ఉంది" అన్న గుర్తు. అంగళ్ల నుంచి పేర్ల గోల ఇంకా పెరిగింది. సార్ నా బల్ల దగ్గరికి వచ్చి, "దాన్ని మూసేయమ్మా. కొత్తగా నువ్వొకటి రాసేయ్. నాకు మాత్రం ఇష్టమా?" అన్నారు. మూసేస్తే ఆమె పేరు పక్కన ఎర్రగా ఒక గుర్తు పడుతుంది, పనికిరాదని తోసేసినవాటికి పడే గుర్తు. అది నా చేత్తో వేయలేనన్నాను. "మరేం చేస్తావు?" అన్నారు. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. రాసినోళ్లే దిద్దాల అన్నది ఆమె, ముట్టద్దు అన్నదీ ఆమే. రాసిన మనిషి పెనుకొండలో మట్టి కింద ఉంది.

కొన్నాళ్లు అలాగే గడిచింది. చివరికి ధర్మవరం నుంచి ఒకాయన, "ఏమ్మా, నేను ఇద్దరు మనుషులనంట, ఎప్పుడు ఒగన్ని చేస్తారు నన్ను?" అని ఫోన్లో అడిగాడు. వేళాకోళంగానే అడిగాడు గాని, ఇక ఆపడం న్యాయం కాదనిపించింది. అక్క రాసిన వరుసను ముట్టుకోలేదు. దాని పైన ఒక్క వరుస నాది చేర్చాను. "ఇది డిజైన్ అయితే కింది వరుసకు పోవద్దు." మొత్తం ఒకసారి తెలుగులో పైకి చదివాను. సార్ వెనక నిలబడి విన్నారు. సరే అని నొక్కాను. ఆమె పేరుతోనే అది ప్రోగ్రాంలో చేరింది.

కాసేపటికి నా ఫోన్ మోగింది. అక్క వాళ్లమ్మ.

"పాపా, బిడ్డ ఫోన్ టింగుమన్నాది. నీ ఫొటో ఉండాది దాంట్లో. ఏమి వచ్చినాది?"

రాసినవారికి కబురు పోతుందన్న సంగతే నేను మరిచిపోయాను. "అక్క రాసింది బాగుందని పెట్టినాను పెద్దమ్మా. చేర్చేసినాము."

ఆమె మెల్లగా అంది. "దిద్దాల, దిద్దాల అంటాండె పాపా. ఫోన్ ఇడిసేది కాదు. నేనే గుంజుకుంటి. రేపు దిద్దుదువులే, పండుకో అంటి."

పెద్దమ్మా అని మాత్రం అన్నాను.

"నీ ఫొటో మీద ఈ ఎర్రచుక్క పోదేమి పాపా?"

"దాన్ని నొక్కి చదివితే పోతాది పెద్దమ్మా."

"నా బిడ్డకు కదా వచ్చిండేది. నేను నొక్కను."

ఇప్పటికీ అప్పుడప్పుడు పెనుకొండలో దిగి వాళ్లింటికి పోతుంటాను. పెద్దమ్మ నాకు కాఫీ పెట్టి, అలమర మీది నుంచి ఆ ఫోన్ తెస్తుంది. వేలు తెరకు తగలకుండా అంచులు పట్టుకుని, కొంగుతో చుట్టూ తుడిచి, ఎర్రచుక్క ఉందో లేదో చూసుకుని, మళ్లీ చార్జింగుకు పెడుతుంది.