బాపట్లలో నేనిచ్చిన పెనాల్టీ

ఎనభైల చివర్లో నేను తెనాలిలో ఒక బాలికల హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. ఫుట్‌బాల్ రిఫరీ పరీక్ష రాసినవాళ్ళలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. పాసయ్యాను. ఆ తర్వాత మూడేళ్ళు నాకిచ్చింది విజిల్ కాదు, గీత పక్కన నిలబడి ఊపే జెండా. అదీ స్కూలు పిల్లల మ్యాచ్‌లకే. పెద్ద మ్యాచ్ అడిగితే, టోర్నమెంట్లు నడిపే సంఘం కార్యదర్శి, మగాళ్ళు నీ మాట వినరమ్మా అనేవాడు.

ఒక ఏడాది బాపట్లలో సెమీఫైనల్‌కి రావలసిన రిఫరీకి కామెర్లు వచ్చాయి. ఇంకెవరూ దొరక్క నాకు కబురు పెట్టారు. ఆడేది బాపట్ల జట్టూ రేపల్లె జట్టూ. నేను పుట్టింది రేపల్లెలోనని ముందే చెప్పాను. ఫర్వాలేదు, వచ్చెయ్ అన్నాడు కార్యదర్శి.

ఆ రోజు రైల్లో నిడుబ్రోలు దాటాక, ఎదురు సీట్లో కూర్చున్న నడివయసు మనిషి నా వంక చూసి అడిగాడు.

"ఇవాళ విజిల్ వేసేది మీరేనా అమ్మా?"

నేను చీరలో ఉన్నాను. యూనిఫాం సంచీలో ఉంది. అవునండి అన్నాను. అతను తలూపి కిటికీ వైపు తిరిగాడు.

బట్టలు మార్చుకోవడానికి సున్నం బస్తాలు పెట్టే గది చూపించారు. తలుపుకి గడియ లేదు. వీపు తలుపుకి ఆనించి మార్చుకుంటుంటే, బయట ఎవరో వచ్చి ఆగిన చప్పుడు వినిపించింది. నేను బయటికొచ్చేసరికి ఎవరూ లేరు. మైదానం చుట్టూ ఉన్న జనంలో ఒక్క ఆడమనిషి కనిపించలేదు.

గేలి చేస్తారని సిద్ధపడి వెళ్ళాను. ఎవరూ చెయ్యలేదు. ఆ నిశ్శబ్దమే నాకు నచ్చలేదు. రెండో సగంలో గోల్ వెనక నిలబడ్డవాళ్ళు కొద్దికొద్దిగా జరుగుతూ గీత మీదికి వచ్చేశారు. రెండుసార్లు ఆట ఆపి వెనక్కి పంపాను. వెళ్ళేవారు. మళ్ళీ చూస్తే ఇంకా దగ్గరగా ఉండేవారు.

ఇంకో అయిదు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా, గోల్లోకి పోతున్న బంతిని బాపట్ల ఆటగాడు చేత్తో ఆపాడు. నేను పదడుగుల దూరంలో ఉన్నాను. విజిల్ వేసి పెనాల్టీ చూపించాను. వాళ్ళ కెప్టెన్ నింపాదిగా నడిచి వచ్చాడు.

"ఇంకోసారి ఆలోచించుకో అక్కా. మళ్ళీ రైలెక్కి ఇంటికెళ్ళాలిగా," అన్నాడు. గొంతులో కోపం లేదు.

బంతిని తీసుకెళ్ళి పెనాల్టీ చోట నేనే పెట్టాను. రేపల్లె జట్టు గోల్ కొట్టింది, గెలిచింది.

స్టేషన్‌కి నడుస్తుంటే నా వెనక పాతికమంది దాకా నడిచారు. ఒక్క మాట లేదు, ఒక్క రాయి పడలేదు. నేను ఆగితే ఆగారు. పొద్దు వాలుతుండగా రైలొచ్చింది. వాళ్ళలో ఒకడు నా పెట్టెలోనే ఎక్కి, తెనాలిలో నాతోపాటే దిగి, నేను అద్దెకుండే ఇంటి దాకా వచ్చాడు. గేటు మీది నంబరు చదువుకుని వెనక్కి తిరిగాడు. ఆ తర్వాత చాలా నెలలు వీధిలో సైకిలు ఆగితే నా గుండె ఆగేది.

వారం తిరక్కుండా కార్యదర్శి రేపల్లెలో మా నాన్న దగ్గరికి వెళ్ళాడు. ఆదివారం కావడంతో నేనూ అక్కడే ఉన్నాను. నాన్న మిషన్ స్కూల్లో మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కార్యదర్శి టైపు చేసిన కాగితం తెచ్చాడు. ఒంట్లో బాగాలేక బంతి సరిగా చూడలేకపోయానని, మ్యాచ్ మళ్ళీ ఆడించమని నేను రాసినట్టుంది. సంతకం పెడితే గొడవ సద్దుమణుగుతుందనీ, ఆడపిల్ల రోజూ ఒంటరిగా తిరగాల్సిన మనిషనీ నాన్నకి నచ్చజెప్పాడు.

నాన్న కాగితం చదివి నన్నడిగారు.

"చేతికి తగిలిందా?"

"తగిలింది నాన్నా."

ఆయన కాగితం మడిచి కార్యదర్శి చేతికిచ్చారు.

ఫలితం మారలేదు. నాకు మాత్రం ఆ తర్వాత ఏ మ్యాచ్‌కీ ఉత్తరం రాలేదు. ఏటా రిఫరీల జాబితా కోసం దరఖాస్తు పంపేదాన్ని. జవాబు ఉండేది కాదు. ఆరో ఏడు పంపలేదు.

తొంభైల చివర్లో తెనాలిలో పెద్ద టోర్నమెంటు జరిగింది. అతిథులకి టీ, కుర్చీలు చూసే పని నాకు అప్పజెప్పారు. నాతోపాటు పరీక్ష పాసైనాయన అప్పటికి రాష్ట్రస్థాయి రిఫరీ. నన్ను గుర్తుపట్టి, టీ గ్లాసు అందుకుంటూ మర్యాదగా పలకరించాడు.

"మీరు బాగా చేసేవారండి. ఎందుకు మానేశారు?"

"మానలేదండి. పిలవలేదు," అన్నాను.

నేను సరదాకి అన్నాననుకుని నవ్వాడు. గ్లాసు నా చేతికిచ్చి, విజిల్ మెడలో వేసుకుని మైదానంలోకి వెళ్ళాడు.