సారంగపాణి పాయింట్లు

మగ్గం మీద కూర్చుంటే సారంగపాణి కొత్తవాడలో ఉండడు. చేతులు జంపఖానా నేస్తుంటాయి, మనిషి కెనడా మంచులో తిరుగుతుంటాడు. పోగు తెగినా సోయి ఉండదు. పక్క మగ్గం మీది, వరసకు మామయ్యే యాకయ్య పిలిచి పిలిచి, "అల్లుడు విమానమెక్కిండు" అని నవ్వుకుంటాడు.

ఈ కలలన్నీ భార్య యమున పుణ్యమే. ఇంటర్ చదివి నెక్కొండ నుంచి కోడలిగా వచ్చిన పిల్లను పట్టుబట్టి నర్సింగ్‌లో చేర్పించింది సారంగపాణే. తాను మాత్రం ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టేశాడు. ఇప్పుడామె హన్మకొండలో పెద్ద దవాఖాన నర్సు. కెనడా పోవాలని ఆమెకు పట్టుదల.

ఒక సాయంత్రం ఇద్దరూ విదేశాలకు పంపే కన్సల్టెన్సీకి వెళ్లారు. అక్కడి దీప కంప్యూటర్ ముందు కూర్చుని ఓపికగా చెప్పింది. వయసు, చదువు, ఇంగ్లీషు, చేసిన నౌకరీ, అన్నిటికీ పాయింట్లట. పరాయి దేశంలో మనిషి కుదురుకుంటాడా లేదా అన్నది వాటితోనే తేలుస్తారట. మనుషులను ఇట్లా తూచొచ్చని ఏ మహానుభావుడికి తోచిందో!

"అక్కకు మంచిగ వస్తున్నయి. అన్న చదువుతోనే తగ్గుతున్నయి. అక్క ఒక్కతే పోతున్నట్టు దరఖాస్తు పెడ్తే ఈసారే పిలుపు రావొచ్చు. అన్నను తర్వాత పిలిపించుకోవచ్చు" అంది దీప. "ఆలస్యమైతే వయసు పాయింట్లు గూడ తగ్గుతయి."

సారంగపాణి యమున వైపు చూడకుండానే, "అట్లనే పెట్టున్రి" అనేశాడు. యమున తల దించుకుంది.

"అక్కడ దగ్గరి చుట్టాలెవరన్న ఉన్నరా అన్నా? ఉంటే కొన్ని కలుస్తయి."

సారంగపాణి అప్పటికే మంచులో ఉన్నాడు. "ఉన్నది" అన్నాడు.

"ఎవరు?"

"యమున."

దీప పకపకా నవ్వింది. "అక్క ఇంకా పోలే గదన్నా!"

సారంగపాణి సిగ్గుపడ్డాడు. "ఎప్పుడు కెనడా అనుకున్నా ఆమె ముందుగాలనే ఆడ ఉంటది. నేను పోయి తలుపు కొడ్త."

యమున నవ్వలేదు. "ఇద్దరం పోతున్నట్టే పెట్టు చెల్లె. వస్తె వస్తది, లేకుంటే లేదు" అంది.

బండి మీద వస్తుంటే సారంగపాణి ఉండబట్టలేక, "నా కోసం నీ పాయింట్లు పాడు చేసుకున్నవ్ గదనే" అన్నాడు.

యమున అతని వీపుకు తల ఆనించింది.

"నేను అనుకునే కెనడాల దవాఖాన ఉంటది, నా డ్రెస్ ఉంటది, కిటికీ బయట మంచు ఉంటది. అండ్ల నువ్వు ఎన్నడూ లేవయ్యా. ఇయ్యాల్నే తెలిసింది నాకు."