పచ్చి పళ్లు ఎవరివని అడగని అనంతగిరి

సోమవారానికి నేను రెండు కాగితాలు రాసివ్వాలి. ఒకటి, విశాఖపట్నంలో మా ఆఫీసు గోడకు తగిలించే విలువల జాబితా. రెండోది, మా టీమ్‌లో మానసకి మెమో. ఒక కస్టమర్‌కి వెళ్లాల్సిన ఫైలు ఆ అమ్మాయి ఇంకొకరికి పంపేసింది. సాయంత్రానికల్లా తనే వచ్చి చెప్పింది. చేరి ఆరు నెలలే, ఇంకా పర్మనెంట్ కాలేదు. మెమో పడితే ఇక ఇంటికే. ఒక కాగితం మీద నిజాయితీ అని రాసి, ఇంకో కాగితంతో నిజం చెప్పిన పిల్లని పంపేయడానికి నాకే సిగ్గేసింది. శనివారం లాప్‌టాప్ మూసేసి అరకు బస్సెక్కాను.

బస్సు ఏడింటికి ఆర్టీసీ కాంప్లెక్సులో బయల్దేరి, శృంగవరపుకోటలో ఇడ్లీకి పది నిమిషాలు ఆగి, ఘాట్ రోడ్డెక్కి పదింటికి అనంతగిరిలో దించింది. కాఫీ తోటల ఊరికి ఆటో రానూపోనూ ఐదు వందలు. డ్రైవర్ అప్పన్న నన్ను ఎగాదిగా చూశాడు. "ఇప్పుడెల్లి ఏటి సూత్తారు బాబూ? మూడింటికెల్దాం, పళ్లు దించినప్పుడు సూడాల" అన్నాడు. మంచి మాట. ఆలోగా అందరూ తినే బొంగు చికెనే నేనూ తిన్నాను, బాగుంది.

మూడున్నరకి ఊళ్లో ఆడవాళ్లు కాఫీ పళ్ల సంచులు దించుతున్నారు. ఎర్రగా పండిన పళ్లే తొక్క తీసే యంత్రంలోకి వెళ్లాలి, అదీ ఆ రోజే. ఒక అమ్మాయి తన సంచి విప్పకముందే అంది: "దేవమ్మక్కా, తొందర్లో కొమ్మ దూసేసినాను. పచ్చివి పడిపోయినాయి." అక్కడ పని చూసే పెద్దావిడ దేవమ్మ. ఆమె పల్లెత్తు మాట అనలేదు. పట్టా మీద పళ్లు పోయించి తనూ కూర్చుంది. మిగతావాళ్లూ వచ్చి చుట్టూ చేరారు. నేనూ కూర్చుని ఏరడం మొదలుపెట్టాను.

"తిట్టరా?" అనడిగాను.

"తిడితే రేపు సెప్పదు బాబూ. పచ్చివి అడుగునేసి, పైన ఎర్రవి కప్పి తెచ్చేత్తాది. పోయినేడు నేను తిట్టేదాన్నే. అందరూ దాసేసినారు. సరుకంతా రుసి సెడిపోయి ఎనక్కొచ్చేసింది."

"మళ్లీ ఇలాగే కోస్తే?"

"రేపు దీన్ని నా పక్క సాల్లో పెడతాను. సేత్తో సూపిత్తాను."

మానస సంగతి చెప్పాను. మెమో అంటే ఏటని అడిగింది. ఉద్యోగం పోయే కాగితం అన్నాను. దేవమ్మ ఏరడం ఆపేసింది.

"సెప్పినందుకా?"

మూడేళ్ల కిందట నేనూ అలాంటి ఫైలే తప్పు పంపాను. ఎవరికీ చెప్పలేదు. అందుకే ఇవాళ మేనేజర్‌ని.

సోమవారం మా డైరెక్టర్‌కి మొదట నా పాత తప్పు సంగతే చెప్పి, మానసకి మెమో వద్దన్నాను. "ఇలా వదిలేస్తే ఎవరికీ భయముండదయ్యా" అన్నారు. "ఉండకూడదనే సార్. నెల రోజులు ఆ అమ్మాయి నా పక్క సీట్లో పని చేస్తుంది. మెమో తప్పదంటే నా పేరు మీద ఇవ్వండి" అన్నాను. ఎవరి పేరు మీదా రాలేదు. గోడకి పది విలువలు అక్కర్లేదని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. తప్పు చేసినవాళ్లు ఎవరి దగ్గరికి పరుగెత్తుకొస్తారో చూస్తే చాలు, ఆ ఆఫీసు ఎలాంటిదో తెలిసిపోతుంది. మూడేళ్ల కిందట నేను ఎవరి దగ్గరికీ వెళ్లలేదు. మానస నా దగ్గరికొచ్చింది.

వెళ్లేవాళ్లకి ఒక్క సూచన. డిసెంబరులో, మూడు దాటాక వెళ్లండి. ఫోటోలకి ముందు అడగండి. పట్టా మీద పచ్చి పళ్లు కనిపిస్తే మాత్రం ఏమీ అడక్కండి, కూర్చుని ఏరండి.