పాత లాంచి వయసు

కృష్ణ మీద జనాన్ని ఆవలి గట్టుకు చేర్చే పాత లాంచి ఒకటి అమ్మకానికి ఉందని తెలిసి, నేనూ మా బావా బీచుపల్లి దగ్గరికి చూడబోయాం. అంతకుముందు మేం కొన్నవన్నీ పాత ట్రాక్టర్లే. అదే అలవాటుతో ఇంజన్ చప్పుడు విన్నాం, పొగ రంగు చూశాం, పెద్ద తెలిసినవాళ్లలా తలలూపాం. అడుగు చెక్కలు చూడాలని ఇద్దరికీ తోచలేదు.

"నాలుగేండ్లే అయింది చేయించి. ఎక్కి సూడుండ్రి" అన్నాడు అమ్మేవాడు.

నాకు ఈత రాదు. బడి మానేసినంత సులువుగా భయాన్ని మానలేకపోయాను. నడి ఏటికి చేరేసరికి పాదాలకు చల్లగా తగిలింది.

"అన్నా, నీళ్లొస్తున్నయేంది?" అన్నాడు బావ.

"అల కొట్టింది, గంతే."

ఆ మాట అంటూనే అమ్మేవాడు అటు చూడకుండా బల్ల కిందికి చెయ్యి పోనిచ్చి, డబ్బా తీసి నీళ్లు తోడిపోశాడు. ఆ చెయ్యి డబ్బా కోసం తడుముకోలేదు. లాంచి వయసు నాకప్పుడు అర్థమైంది.

"మస్తుగుందన్నా, మేమే తీసుకుంటం. జర గట్టుకు మలుపు" అన్నాను.

గట్టు తగలగానే దూకి, వెనక్కి చూడకుండా నడిచాం.

"కొంటమని మాటిచ్చినవ్ గదరా?" అన్నాడు బావ.

"నడి ఏట్ల ఆయన అడిగుంటే నిన్ను గుడ ఇస్తనంటుంటి బావా. జల్ది నడువు!"