దేవుని పంచెకు అటువైపు మనిషి

నేను మగ్గం మీద కూర్చుంటే ఆ చప్పుడు గద్వాల కోట బురుజు దాకా వినపడేదని మనవళ్లకు చెబుతుంటాను. కోట దాకా కాదు, పక్కింటి దాకా. అదీ నడుమ గోడ సన్నది కాబట్టి. మా నాయన నేత గురించి మాత్రం పెంచి చెప్పాల్సిన పని లేదు. యుద్ధం రోజుల్లో, నూలు దొరకడమే గగనమైనప్పుడు, ఆయన దాచుకున్న మేలైన నూలంతా బయటికి తీసి బీచుపల్లి ఆంజనేయస్వామికి పంచెల జత మొక్కుకున్నాడు. నా మొదటి భార్యకు తొలి కాన్పు సుఖంగా జరగాలని.

ఆ పంచె ఒక్కడి వల్ల అయ్యేది కాదు. నడుమ నూలు, రెండు పక్కలా జానెడు పట్టు అంచు. నూలు చుట్టిన కండె పెట్టి నాడె ఇటు నుంచి ఒకరు విసిరితే అటువైపు ఒకరు అందుకోవాలి. ఇటు నాయన, అటు నేను. పడుగు మగ్గానికెక్కిన నాటి నుంచి ఇద్దరికీ ఒంటిపూట తిండి, చాప మీద పడక.

శ్రావణంలో కబురొచ్చింది. వనపర్తి పక్కన పుట్టింట్లో ఉన్న నా భార్యకు నొప్పులు మొదలయ్యాయట, బిడ్డ అడ్డం తిరిగిందట. నేను లేవబోయి ఆగిపోయాను. దేవుని పని సగంలో ఉంది. నాయనే కసిరాడు.

"ఏం జూస్తున్నవ్‌రా? లే, పో. దేవుడు యాడికి పోడు."

బీచుపల్లి దగ్గర కృష్ణ దాటాలి. ఏరు గట్లు ఒరుసుకుని పారుతోంది. అందులో దూకి సగం దాకా ఈదానని చాలామందికి చెప్పాను. నాకు ఈతే రాదు. మోకాళ్లలోతు దిగి, భయపడి వెనక్కొచ్చి, పుట్టి నడిపే ముసలాయన కాళ్లు పట్టుకున్నాను.

"కాళ్లు ఇడువు తమ్మీ. ఇప్పుడు పుట్టి ఏస్తే నీ పెండ్లాం సంగతేమో గని, నా పెండ్లాం ముండమోస్తది."

ఆ గట్టు మీదే ఆంజనేయుడి గుడి. వెళ్లి ఆయన ముందు కూర్చున్నాను. నీకు సముద్రమే అడ్డం కాలేదు, నన్నీ ఏరు దాటించలేవా అని అడిగాను. స్వామి తల ఆడించాడని ఒకప్పుడు చెప్పేవాణ్ని. ఏమీ ఆడలేదు.

వరద తగ్గాక మొదటి పుట్టి అవతలి ఒడ్డు నుంచే వచ్చింది. అందులోంచి మా బావమరిది దిగాడు. నా మొహంలోకి చూడలేదు.

"ఇగ నువ్వొచ్చి చేసేదేం లేదు బావా. తల్లీ బిడ్డా ఇద్దరు పోయిన్రు."

అయినా వెళ్లాను. తిరిగి ఇంటికొచ్చేసరికి కులపెద్ద మా అరుగు మీద కూర్చుని నాయనతో మాట్లాడుతున్నాడు.

"దేవుని పడుగు మీద చావు మైల పడ్డదన్నా. కోసి ఏట్ల ఇడువు. మన పద్ధతి గదే."

నాకా మాట చల్లగా తగిలింది. లోపలికి పోయి కత్తి నేనే తెచ్చాను.

"కొయ్యి నాయినా. ఒక్క పిల్లను కాపాడనోనికి ఇంక పంచెలెందుకు?"

నాయన కత్తి నా చేతిలోంచి తీసుకుని చూరులో గుచ్చాడు.

"మైల దినాలు ఎల్లనియ్. శుద్ధి చేసుకొని నేస్త."

"తప్పన్నా!" అన్నాడు కులపెద్ద.

"తప్పైతే ఆయన నన్ను అడుగుతడు. నేను గుడ ఆయన్ను అడిగేటియి ఉన్నయ్. ఈ కండెలన్ని నా కోడలు పుట్టింటికి పోయేముందు కూసోని చుట్టింది. గియ్యి ఏట్ల పారెయ్యమంటవా?"

కులపెద్ద లేచి వెళ్లిపోయాడు.

మైల పోయింది. నాయన ఒక్కడే మగ్గం గుంతలోకి దిగాడు. ఇటు నుంచి నాడె విసిరి, పైకి లేచి, చుట్టూ తిరిగి అటు వెళ్లి అందుకుని, మళ్లీ ఇటు వచ్చేవాడు. మోకాళ్ల నొప్పుల మనిషి. నేను అరుగు మీద వీధివైపు తిరిగి కూర్చునేవాణ్ని. నాడె చప్పుడు, వెనకే ఈడ్చుకుంటూ అడుగులు, ఆ తర్వాత మూలుగు. కొన్నాళ్లు ఓర్చుకుని, ఒకనాడు లోపలికి వెళ్లి అరిచాను.

"నీకు జరంత గుడ కోపం లేదా ఆయన మీద?"

"ఉంది. శానా ఉంది. లేనోని మీద ఎవడన్న కోపం జేస్తాడ్రా?"

నాకప్పుడే భక్తి పొంగుకొచ్చిందని రాసుకుంటే బాగానే ఉంటుంది. పొంగలేదు. ఆయన మళ్లీ లేవబోతుంటే చూడలేక అటువైపు వెళ్లి కూర్చున్నాను. నాడె వచ్చింది, అందుకున్నాను. పంచెలు పూర్తయ్యేదాకా అటువైపు నేనే కూర్చున్నాను.

బీచుపల్లికి ఇద్దరం నడిచే వెళ్లాం. పూజారి పంచెలు అందుకుని లోపలికి తీసుకుపోయాడు. నాయన చాలాసేపు కళ్లు మూసుకుని నిలబడ్డాడు. బయటికొచ్చాక అడిగాడు.

"నువ్వేం మొక్కినవ్‌రా?"

"మొక్కలే. ఎందుకు జేసినవని అడిగిన."

"ఏమన్నడు?"

"ఏమనలే."

"నాతోటి గుడ ఏమనలే" అన్నాడు నాయన, కండువా భుజానికెత్తుకుంటూ. "పా, ఎండ ముదురుతుంది. మల్లొచ్చి అడుగుదాం."