గుట్ట మీద ఏమీ లేదని రాసిన చెయ్యి

ఈ వేసవిలో ఒక పొద్దున మా మనవరాలు ఫోను నా కళ్లముందు పెట్టి, తాతయ్యా, ఈ రాత నీదేనా అని అడిగింది. పాత సర్వే కాగితం ఫోటో అది. గుండ్రటి అక్షరాలు, కాస్త పెద్ద తలకట్లు, ముమ్మాటికీ నావే. గుట్టపై రాళ్లు తప్ప ఏమీ లేవు అని ఉంది అందులో. బూర్గంపాడు దాటాక అడవి అంచున ఉన్న ఆ గుట్టను పగలగొట్టి కంకర చేస్తామని వచ్చిన క్వారీ వాళ్లు, అడ్డుపడుతున్న ఊరివాళ్లకు చూపిస్తున్న రుజువు అదేనట. నా చేతిరాత చూసి నేనే సిగ్గుపడే రోజొకటి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో దస్తూరి బాగుంటే చాలు, ఏదో ఒక ఆఫీసులో కుర్చీ దొరికేది. నాకు మాత్రం సర్వేయరు గారి వెనకాల రిజిస్టరు మోసుకుంటూ అడవి ఊళ్లు తిరిగే టెంపరరీ పని దొరికింది. ఆ గుట్ట కింది ఊళ్లో ఊరిపెద్ద ఇంటి అరుగు మీద మా మకాం. ఆయన భార్యను అవ్వా అని పిలిచేవాణ్ణి. జొన్నగటక పెట్టి, ఇంకొంచెం తినమని బతిమాలేది, తినకపోతే అలిగేది కూడా. గుట్ట మీద ఏముందని సర్వేయరు గారు అడిగితే ఊరిపెద్ద నేలచూపులు చూస్తూ, "ఏముంటది సారూ, రాళ్లే," అన్నాడు. ఆయన అన్నాడు, నేను రాసేశాను.

నాలుగు రోజులకు జ్వరమొచ్చి ఆ అరుగు మీదే పడి ఉన్నప్పుడు సంగతి తెలిసింది. తొలకరికి ముందు రోజులవి. ఊళ్లో ఆడవాళ్లంతా విత్తనాల బుట్టలు నెత్తిన పెట్టుకుని, మాటా పలుకూ లేకుండా గుట్ట ఎక్కారు, దిగి వచ్చేసరికి ఆ విత్తనాలకు పసుపు అంటి ఉంది. పైనున్న తల్లి పేరు పరాయివాళ్ల ముందు ఎత్తకూడదట, అసలు ఉన్నదనే చెప్పకూడదట, ఎవరడిగినా రాళ్లే అనాలట. అది వాళ్ల ఆచారం. ఊరిపెద్ద చిన్నకోడలు నాకు కషాయం ఇస్తూ ఇంతమాత్రం చెప్పి, వెంటనే నాలుక కరుచుకుంది.

అప్పుడే సర్వేయరు గారికి చెప్పి కాగితం దిద్దించాల్సింది. చెప్పలేదు. ఉద్యోగం పర్మనెంటు చేస్తారన్న ఆశ ఒకటి, ఆయన కోపమంటే భయం ఒకటి. అదీకాక, వాళ్లు దాచుకున్నది నేను బయటపెట్టడమేమిటని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వీటిలో అసలు కారణం ఏదో ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నాను. పైగా ఆ ఇంటివాళ్లు నిరుటిదాకా ఏటా తొలకరికి పసుపు అంటిన జొన్నలు పిడికెడు గుడ్డలో మూటకట్టి, భద్రాచలం నుంచి ఖమ్మం బస్సెక్కే ఎవరో ఒకరి చేతికిచ్చి మా ఇంటికి పంపేవారు. పెరట్లో చల్లేవాణ్ణి. కంకులన్నీ పిచ్చుకల పాలే, మా ఆవిడ నా వ్యవసాయం చూసి ఒకటే నవ్వు.

క్వారీ మీద ప్రజాభిప్రాయ సేకరణ అని కబురు తెలిసి, ఆ రోజు పొద్దున్నే ముందుగా చిన్నకోడలి దగ్గరికి వెళ్లాను. అత్తామామలు ఎప్పుడో పోయారు, ఇప్పుడు ఊరికి పెద్ద దిక్కు ఆవిడే. ఉన్నది ఉన్నట్టు మైకులో చెప్పమంటావా అని అడిగాను.

"చెప్తే గుట్ట మిగుల్తది, తల్లి ఉంటదో ఉండదో. చెప్పకుంటే గుట్టే ఉండదు. నాకేం తెల్వదు సారూ. చదువుకున్నోనివి, నువ్వే జూడు," అన్నది.

బడి ఆవరణలో షామియానా వేశారు. మైకు అందుకుని, ఆ రాత నాది, రాసింది తప్పు అన్నాను. సేకరణకు వచ్చిన అధికారిణి మర్యాదగానే, మరి అక్కడ ఏముందండీ అని అడిగింది. ఊరు ఊరంతా తలవంచుకుని కూర్చుంది. చెప్పినట్టూ కాకుండా, దాచినట్టూ కాకుండా, వీళ్ల విత్తనాలు అక్కడికి వెళ్లొస్తాయి అన్నాను. ఆమె లాప్‌టాప్‌లో టైపు చేసుకుని, సరిగ్గా ఉందా అంటూ చదివి వినిపించింది. గుట్టపై గ్రామస్తులు విత్తనాలు నిల్వ చేసుకుంటారు అని రాసుకుంది. అవుననాలో కాదనాలో తెలియక తల ఊపాను. ఇంత వయసొచ్చీ ఇంకో తప్పుడు కాగితానికి కారణమయ్యాను.

క్వారీ వస్తుందో ఆగుతుందో ఇంతవరకూ తేలలేదు. ఒకప్పుడు వాళ్లు నోరు మెదపకుండా కాపాడుకున్న గుట్ట, ఇప్పుడు మైకులో చెబితే తప్ప ఉన్నట్టు లెక్క కాదు. ఈ మార్పు మంచికో చెడుకో చెప్పేంత తెలివి నాకు లేదు. తొలకరి పడి రెండు వారాలైంది. భద్రాచలం బస్సు వచ్చే వేళకు రోజూ వెళ్లి మా ఇంటి గేటు దగ్గర నిలబడుతున్నాను. మూట రాలేదు. నేను సగం చెప్పినందుకా, సగం దాచినందుకా, లేక ఈ ఏడు విత్తనాలు గుట్ట ఎక్కనే లేదా? ఫోను చేసి అడగొచ్చు. ఏమైందని అడిగితే, ఏం లేదు సారూ, అంటారు.