సీసా మీద జానయ్య

దేవరకొండ చుట్టూ ఉన్న పల్లెల్లో పెళ్లయినా చావైనా, గొర్రెనో మేకనో, యాటను కోసే ముందు గొల్ల జానయ్య వచ్చి దాని నడుము మీద చెయ్యి వేయాల్సిందే. వెన్నుకు రెండు వైపులా వేళ్లతో నొక్కి చూసి ఆయన "పట్టుండ్రి" అంటే పట్టేవాళ్లు. "జర మేయనియ్యుండ్రి" అంటే విడిచిపెట్టేవాళ్లు. కోసేది, వాటాలకు పోగులు పెట్టేది కూడా ఆయనే. జానయ్య చెయ్యి పడితే మాంసానికి వంక పెట్టేవాడు లేడు. ఆయనకు చదువు లేదు, పట్టాభూమి పెద్దగా లేదు. ఉన్నదల్లా ఆ మాట ఒక్కటే.

కల్వకుర్తి రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసి పచ్చళ్ల కంపెనీ పెట్టిన రఘుపతి, ఆ మాట మీదనే కన్నేశాడు. గొర్రెల అంగట్లో జానయ్యను చూశాడు. మెలితిప్పిన మీసం, భుజాన నల్ల గొంగడి, చేతిలో కట్టె. దేవుడు ఈ మనిషిని లేబుల్ కోసమే పుట్టించాడని అనిపించి ఉంటుంది.

"కాకా, నీ ఫోటో ఒకటి తీస్కుంట. నీ పొట్టేళ్లే కొంట, నీ బొమ్మ మీదనే అమ్ముత. పట్నమోళ్లకు తెల్వాలె, అసలు మాంసం ఎట్లుంటదో" అన్నాడు.

పొగిడితే పొంగనివాడు ఎక్కడున్నాడు? జానయ్య గొంగడి సర్దుకుని నిలబడ్డాడు. రఘుపతి ఫోటో తీసుకుని చేతిలో కొంత డబ్బు పెట్టాడు. కొన్నాళ్లకు 'మందింటి మటన్ పచ్చడి' అని సీసాలు వచ్చాయి. వాటి మీద జానయ్య నవ్వుతున్నాడు. రఘుపతి అప్పుడప్పుడు వచ్చి నాలుగైదు పొట్టేళ్లను తోలుకుపోయేవాడు. సీసాలు మాత్రం హైదరాబాద్ దుకాణాల నిండా ఉన్నాయని బస్సు దిగినవాళ్లు చెప్పేవాళ్లు. మందలో ఒక గొర్రె తప్పితే చూపుతోనే పట్టేసే మనిషి, అన్ని సీసాలకు మాంసం ఎక్కడి నుంచి వస్తుందని ఒక్కసారైనా అనుకోలేదు. అనుకోవడానికి తీరిక ఎక్కడిది, ఆయన సీసాలు పంచే పనిలో ఉన్నాడు. రఘుపతి పండగకని పంపిన డబ్బాలు విప్పి ఇంటింటికీ తిరిగి, "మన మందలదే, తినుండ్రి" అని చేతిలో పెట్టి వచ్చాడు. వద్దన్నవాళ్లను బతిమాలి మరీ ఇచ్చాడు. తల్లి భద్రమ్మకు పళ్లు లేవు. ముక్కలు మెత్తగా నలిపి అన్నంలో కలిపి తనే ముద్దలు పెట్టాడు.

ఆ సీసాల్లో ఉన్నది గుర్రం మాంసమని టీవీలో వచ్చింది. బరాత్‌లలో పెళ్లికొడుకులను మోసి మోసి కాళ్లు పడిపోయిన గుర్రాలను చవకగా కొని, రాత్రికి రాత్రి షెడ్డుకు చేర్చేవాళ్లట. టీవీవాళ్లు గుర్రాన్ని ఒకసారి చూపించారు, జానయ్య మొహాన్ని పొద్దంతా చూపించారు. రఘుపతి మైకు ముందు ఏమీ తడబడలేదు. మాంసం తెచ్చేది ఆ గొల్లాయనేనని, తాము కారం, నూనె కలిపామంతేనని చెప్పాడు.

అధికారులు జానయ్యను పిలిపించి అడిగి, ఆయనకు గుర్రాలతో ఏ సంబంధమూ లేదని తేల్చుకుని పంపించేశారు. ఆ సంగతి ఏ టీవీలోనూ రాలేదు. ఊళ్లో కొందరు గొంతులో వేలు పెట్టుకుని కక్కారు, తిని నెల దాటినా సరే. భద్రమ్మ ఉప్పు తీసుకుని, రక్తం వచ్చేదాకా చిగుళ్లు రుద్దుకుంది.

రఘుపతి జైలుకు పోయి నాలుగు రోజులకే బయటికి వచ్చాడు. జానయ్య షెడ్డు దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అంత అవమానం చేసినవాడి ముందు చేతులు కట్టుకోవడమేమిటని నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"సేటూ, నా ఇజ్జత్ పోయింది. ఒక్కసారి మా ఊరికొచ్చి చెప్పుండ్రి, జానయ్యకేం తెల్వదని."

"చెప్తే నాకేమొస్తది?" అన్నాడు రఘుపతి, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. "గొర్రె గడ్డే తింటది, గుర్రం గడ్డే తింటది. మీ ఊరోళ్లు తిన్ననాడు మంచిగుందన్నరా, లేదా?"

"అన్నరు."

"మరింకేంది?"

జానయ్య కదల్లేదు. రఘుపతికి విసుగొచ్చింది. "ఫోటోకు పైసలిచ్చిన గద. ఇజ్జత్‌కు గూడ ఇయ్యాల్నా?" అని వాచ్‌మన్‌ను పిలిచాడు. తర్వాత అదే షెడ్డులో ఇంకో పేరుతో మళ్లీ పచ్చడి మొదలైంది. ఈసారి సీసా మీద పెద్ద బొట్టు పెట్టుకున్న ముసలమ్మ ఉంది. గిరాకీ బాగుందట.

ఊరు రఘుపతిని ఏమీ చేయలేకపోయింది, అందుకే చేతికందిన వాణ్ణి పట్టుకుంది. యాటల దగ్గరికి జానయ్యను పిలవడం మానేశారు. ఆయన అరుగు ముందు నుంచి పోతూ పిల్లలు గుర్రంలా సకిలిస్తే, పెద్దవాళ్లు నవ్వు ఆపుకునేవాళ్లు. కులపెద్ద లింగయ్య ఒకనాడు ఇంటికి వచ్చి మెత్తగానే చెప్పాడు.

"నిన్ను దొంగ అంటలేం జానయ్యా. కని నీ చేత్తోని పెట్టినవు. మా కడుపులకు పోయింది పోయిందే గద."

జానయ్య గొంగడి భుజాన వేసుకుని మంద దగ్గరికి పోయాడు.

వానలు పడే ముందు భద్రమ్మ చనిపోయింది. పాడె మోయడానికి అందరూ వచ్చారు. చావుకు రాకపోతే తప్పు. అసలు పరీక్ష మూడో రోజున పిట్టకు పెట్టడం దగ్గర. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెడతారు, పిట్ట ముట్టాక బంధువులంతా ఆ ఇంట్లో కూర్చుని తింటారు. తినకుండా లేస్తే ఆ ఇంటితో తెగినట్టే లెక్క. ఆ రోజు పదిమంది తన ఇంట్లో ముక్క ముడితే చాలు, పోయిన మాట తిరిగి వస్తుందని జానయ్య ఆశ.

మందలో అన్నిటికన్నా మంచి పొట్టేలును తాడు కట్టి, ఊరు చూసేటట్టు నడివీధిలో నడిపించుకొచ్చాడు. వాకిట్లో అందరి ఎదుటే కోశాడు. తలకాయ, తోలు, కాళ్లు గోడవారగా పరిచిపెట్టాడు. భార్య కృష్ణమ్మ వండింది. ఆకులో అన్నం, కూర, కల్లు పెట్టి దూరం జరిగారో లేదో, కాకి వచ్చి ముక్క ఎత్తుకుపోయింది. ముసలామెకు కొడుకు మీద ఏ కోపమూ లేదన్నమాట. కృష్ణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

పంక్తిలో కూర్చున్నాక ఒకాయన తనకు మొక్కుందన్నాడు. ఇంకొకాయనకు షుగరు పెరిగింది. దామోదర్ అనే మేనల్లుడు కూర వడ్డించకముందే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. జానయ్య గోడవార నుంచి పొట్టేలు కాళ్లు తెచ్చి, చీలిన గిట్టలు ఒక్కొక్కరి మొహం ముందు పట్టి చూపించాడు.

"చూడు మామా, రెండుగ చీలినయ్. గుర్రానికి ఇట్లుంటదా?"

"గొర్రెదే జానయ్యా. కాదని ఎవరన్నరు?" అన్నాడు లింగయ్య. అని కృష్ణమ్మ వైపు తిరిగి, "ఇంత మజ్జిగ పొయ్యి బిడ్డా" అన్నాడు.

ఆమె కూర గిన్నె దించి మజ్జిగ తెచ్చింది. అందరూ మజ్జిగే పోయించుకున్నారు.

జానయ్య పంక్తి మధ్యలో నిలబడ్డాడు. "నేనే ముందుగాల తింట. చూడుండ్రి" అని గిన్నెలోంచి పెద్ద ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాడు. టీవీలో ఆ వార్త వచ్చాక ఆయన నోట్లో మాంసం పెట్టుకోవడం ఇదే మొదలు. నమిలాడు. అందరూ ఆయన దవడనే చూస్తున్నారు. నమిలి నమిలి మింగబోయాడు, దిగలేదు. తన మందలో పుట్టిందే, తన చేత్తో కోసిందే. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా రెండోసారి ప్రయత్నించాడు. గోడ పట్టుకుని కక్కాడు.

కృష్ణమ్మ నీళ్లు పట్టుకుని పరుగెత్తింది. ఆయన మొహం కడుక్కుని తిరిగేసరికి లింగయ్య ఆకు మడిచి లేచి నిలబడ్డాడు. ఆయన వెనక పంక్తి అంతా లేచింది.

"గాయినకే నమ్మకం లేకపాయె" అని దామోదర్ చెప్పులు వేసుకున్నాడు.